రంగమునకు పోయిన తెలుగువారు

మన ఉత్తర కోస్తా పల్లెలలో పెద్దలు ‘రంగం’ అను మాటను ఒక ఊరిపేరువలె వాడుట కలదు. ఈ రంగము నాటకరంగము కాదు, యుద్ధరంగమును కాదు. బర్మా దేశపు మహానగరము, రేవుపట్టణము అయిన రంగూను. 1989లో అచ్చటి ప్రభుత్వము దానిని యాంగోన్ అని మార్చెను. పరదేశములోని ఒక నగరము పేరును మన కూలిజనము తమ నోటికి అనువుగా మలచుకొని, పొరుగూరి పేరువలె ఇంటిమాటగా చేసికొనిరి. ఆ మాట వెనుక నూరేండ్లకు మించిన చరిత్ర కలదు. దానిని సంగ్రహముగా మనవి చేయుట మా ఉద్దేశము.

1852లో రెండవ బర్మా యుద్ధమున ఇంగ్లీషువారు రంగూనును పట్టుకొనిరి. పిమ్మట నదీతీరమున చదరంగపు పలకవలె నిలువు వీధులు, అడ్డు వీధులు తీర్చి క్రొత్త పట్టణమును కట్టించిరి. ఐరావతీ నది డెల్టాలో అడవులు నరికి వరి వేయుట ముమ్మరమయ్యెను. 1869లో సూయెజు కాలువ తెరచుటతో ఐరోపా విపణి దగ్గరయ్యెను. 1930 ప్రాంతమునకు దిగువ బర్మాలో వరిసాగు 80 లక్షల ఎకరములను మించెను. ఏటేట సుమారు 30 లక్షల టన్నుల బియ్యము ఓడలకెక్కుచుండెను. బర్మా రైతు పొలము దున్నెను, కోసెను. కాని ధాన్యమును మిల్లులో ఆడించుటకు, బస్తాలు మోయుటకు, ఓడలు నింపుటకు వేలకొలది చేతులు కావలసివచ్చెను. ఆ చేతులు బంగాళాఖాతమున కీవలి ఒడ్డునుండి వెళ్ళినవి.

విచిత్రమేమనగా, అదే 1852లో మన ధవళేశ్వరము ఆనకట్ట పూర్తి అయ్యెను. గోదావరి డెల్టా పచ్చబడెను. కాని ఉత్తరమున గంజాము, విశాఖపట్టణము జిల్లాలకు ఆ భాగ్యము లేకపోయెను. 1866లో గంజామును కరవు పీడించెను. 1896-97లో మరల కరవు వచ్చెను. డెల్టాలో సయితము భూమి లేని కూలివానికి ఏడాది పొడుగున పని దొరకుట అరుదు. ఇచ్చట వర్షము తప్పినపుడును, అప్పు పెరిగినపుడును, రంగమున పని కలదను వార్త పల్లెలను పిలిచెను.

రేవులలో ముందు చెప్పదగినది కోరంగి. గోదావరి పాయ సముద్రమును చేరు తావున, కాకినాడకు దక్షిణమున ఉన్న ఈ ఊరు ఒకప్పుడు ఓడలు కట్టుటకు పేరుపొందినది. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు దానిని దెబ్బతీసినవి. రేవు క్షీణించెను గాని పేరు సముద్రము దాటి నిలిచెను. బర్మాలో తెలుగువారిని ‘కోరంగీలు’ అని పిలిచిరి. మొదట అది వచ్చిన చోటును తెలుపు పేరు. రానురాను అందులో చులకన కూడ చేరెను. వందల ఊళ్ళనుండి, పలు కులములనుండి వెళ్ళినవారందరు అచ్చట ఒక్క పేరున ఇమిడిపోయిరి.

స్టీమర్లు వచ్చిన పిమ్మట కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్టణము, కళింగపట్టణము, బారువ మొదలగు రేవులనుండి ప్రయాణము సాగెను. పెక్కు చోట్ల ఓడ ఒడ్డునకు రాలేదు. దూరమున లంగరు వేయును. అలలపై పడవలలో పోయి దానిని ఎక్కవలెను. కూలివారికి దొరకునది పైతట్టు చోటు మాత్రమే. ఎండయు వానయు అచ్చటనే. పంటకోతల కాలమునకు వెళ్ళి, మిల్లుల పని తగ్గగనే తిరిగివచ్చువారు అనేకులు. కొందరు రెండు మూడేండ్లుండి వచ్చిరి. కొందరు రానేలేదు.

వీరిని తీసికొనిపోయినవాడు మేస్త్రీ. పల్లెకు వచ్చి, ఓడకూలికిని, ఇంటి ఖర్చునకును బయానా ఇచ్చును. ఆ బయానాయే మొదటి సంకెల. మిల్లు యజమాని, రేవు కంట్రాక్టరు కూలి సొమ్మును పెద్ద మేస్త్రీకి ఇత్తురు. ఆతడు తన పాలు తీసికొని చిన్న మేస్త్రీకి ఇచ్చును. ఈతడును తన పాలు మినహాయించి, బయానా బాకీ కోసికొని, మిగిలినది కూలివాని చేతిలో పెట్టును. అయినను మేస్త్రీ కేవలము దోచువాడనుట సరికాదు. తెలియని నగరమున పని, బస చూపినవాడును, భాష తెలిసినవాడును ఆతడే. ఆతనిని విడిచిన కూలివానికి మరొక దిక్కు లేదు. దిక్కు లేకుండుటయే ఆ పద్ధతికి బలము.

1931 జనాభా లెక్కలలో రంగూను జనసంఖ్య సుమారు 4 లక్షలు. అందులో సగమునకు మించి భారతీయులే. మిల్లులలో, రేవులో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉండిరి. రిక్షా లాగినవారిలోను అధికులు తెలుగువారే. ఒక్కొక్క గదిలో అనేకులు వరుసగా పండుకొనెడివారు. 1929లో నియమింపబడిన విట్లీ కార్మిక సంఘము తన 1931 నివేదికలో ఈ ఇరుకు బసల దుఃస్థితిని ఎత్తిచూపెను. స్త్రీలు బహు తక్కువ. ఇల్లాలు, బిడ్డలు ఇచ్చట, ఇంటి యజమాని అచ్చట. ఈ రెంటిని కలుపునది మనియార్డరు ఒక్కటే. ఆ సొమ్ముతో మన పల్లెలలో తీరిన అప్పులు, జరిగిన పెండ్లిండ్లు ఎన్నియో.

ఇచ్చట ఒక ముఖ్యవిషయము గమనింపవలెను. మారిషసునకు, ఫిజీకి పోయిన కూలీలకు ఒప్పంద పత్రములుండెను. వారిపై చట్టమునకు, ఎంత లోపభూయిష్టమైనను, ఒక దృష్టి యుండెను. బర్మా 1937 వరకు భారత సామ్రాజ్యములో ఒక భాగమే. రంగమునకు పోవువాడు చట్టము దృష్టిలో దేశము దాటినవాడు కాడు. కనుక అనుమతి పత్రముతో పని లేదు. ఆ కారణముననే రక్షణయు లేదు. భాష, మతాచారములు, వీధి అన్నియు పరాయివి. చట్టము మాత్రము ఇది నీ దేశమే అనెను.

1930 మే నెలలో ఈ పరాయితనము బయటపడెను. ఆర్థికమాంద్యము ముసురుచున్న దినములవి. రేవులో తెలుగు కూలీలు కూలి హెచ్చింపుమని సమ్మె కట్టిరి. ఓడల కంపెనీలు వారి స్థానమున బర్మా కూలీలను పెట్టుకొనెను. సమ్మె పరిష్కారము కాగానే పాతవారిని పిలిచి, బర్మావారిని పొమ్మనెను. మే 26న ఘర్షణ చెలరేగి నగరమంతట వ్యాపించెను. వందకు పైగా మరణించిరి. వారిలో అధికులు మనవారే. ఒకే బస్తాకొరకు ఇరువురు పేదలు పోరాడిరి. బస్తా ఎవరిదో ఆ ఇరువురును అడుగలేదు.

1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశమునుండి వేరుచేయబడెను. నిన్నటి రాష్ట్రము నేటి పరదేశమయ్యెను. మనవాడు అడుగు కదపలేదు. సరిహద్దే వచ్చి ఆతని ముంగిట నిలిచెను. 1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు కురిపించెను. 1942 మార్చిలో నగరము జపాను వశమయ్యెను. ఓడ దొరకినవారు ఓడలో వచ్చిరి. దొరకనివారు అరకాను కొండలమీదుగా చిట్టగాంగునకో, తాము మీదుగా మణిపురమునకో కాలినడకన బయలుదేరిరి. దేశము విడిచిన భారతీయులు 4 లక్షలకు తక్కువ కారు. ఆకలితో, కలరాతో, అలసటతో దారిలో రాలినవారు వేలు. ఆ బాటలలో తెల్లవారి కొక ఏర్పాటును, భారతీయుల కొక ఏర్పాటును జరిగినదని ఆనాడు మన దేశమున తీవ్ర నిరసన లేచెను.

యుద్ధానంతరము కొందరు మరల వెళ్ళిరి. 1948 జనవరి 4న బర్మా స్వతంత్రమయ్యెను. 1962 మార్చిలో సైన్యము అధికారము చేపట్టెను. 1964లో దుకాణములు జాతీయమయ్యెను. పెద్ద నోట్లు రద్దయ్యెను. కూడబెట్టినది పోగొట్టుకొని వేలకొలది కుటుంబములు తిరిగివచ్చినవి. విశాఖపట్టణములోని బర్మా క్యాంపు అను పేట పేరు వారి రాకను నేటికిని తెలుపుచున్నది. రానివారి సంతతి మయన్మారులో ఇంకను కలదు. రామాలయములు, తెలుగు పండుగలు అచ్చట నిలిచియున్నవి.

ఈనాడు పరదేశములకు పోవు మన యువకుని చేతిలో పాస్‌పోర్టు, వీసా, నియామకపత్రము ఉండును. మేస్త్రీ పేరు మారి ఏజెంటయ్యెను గాని, బయానా అప్పుతో విమానమెక్కువారు నేటికిని లేకపోలేదు. చేతి కష్టమును పిలిచిన నగరము ఆ చేతి యజమానిని కూడ తనవానిగా ఎంచునా అనునది రంగము మనకు విడిచిపోయిన ప్రశ్న. దానికి జవాబు చట్టములలో కొంత, పొరుగువాని మనసులో కొంత ఉండును.

రంగము పోయిన కూలీలు తమ కథను వ్రాసికొనలేదు. అది మనియార్డరు రసీదులలో, పాత జాబులలో, ముదుసలుల నోటిలో చెదరియున్నది. మీ ఇంటి పెట్టెలో అట్టి కాగితమేదైన ఉన్నచో చిత్తు కాగితములలో కలుపకుడు. దాని వెనుక ఆ మనిషి పేరు, ఊరి పేరు వ్రాసి భద్రపరుపుడు. అది మన చరిత్రలో ఒక పుట.