తాళం తెచ్చిన పోపు

సూరత్ ఆల్థాన్‌లో మా సొసైటీ చైర్మన్ ఎన్నిక నాలుగు ఆదివారాలుగా తెగడం లేదు. ఖమణ్ వస్తుంది, చాయ్ వస్తుంది, తిని లేస్తారు. "చాయ్ బంద్ చేసి బయట తాళం పెట్టండి, గంటలో తేలుతుంది" అన్నాను. అందరూ నవ్వారు. నేను మాత్రం నవ్వులాటకు అనలేదు; ఒకప్పుడు నిజంగానే అలా చేశారు.

1268 నవంబరులో నాలుగో క్లెమెంట్ పోపు ఇటలీలోని వితెర్బోలో కన్నుమూశాడు. కొత్త పోపును ఎన్నుకోవలసిన కార్డినళ్లు రెండు పక్షాలై బిగుసుకున్నారు. నెలలు గడిచినా తెగలేదు. విసిగిన ఊరివాళ్లు వాళ్లను మేడలో పెట్టి తలుపులు మూశారు, తిండి తగ్గించారు, చివరికి ఇంటికప్పు కూడా ఊడబీకారు. ఎన్నిక తేలకముందే ముగ్గురు కార్డినళ్లు పోయారు. ఆఖరికి నిర్ణయం ఆరుగురికి అప్పగిస్తే, 1271 సెప్టెంబరు 1న ఒక పేరు తేలింది: తెదాల్దో విస్కోంతి.

పియాచెంజా ఊరి విస్కోంతి వంశం, పెద్దింటి బిడ్డ. కార్డినల్ కాదు సరికదా, అప్పటికి గురుపట్టం కూడా అందుకోలేదు. శిలువ యుద్ధానికని వెళ్లి పాలస్తీనాలోని ఏకర్ రేవులో ఉన్నాడు. కబురందాక వచ్చి, 1272 మార్చి 19న గురుపట్టం, 27న రోమ్‌లో కిరీటం అందుకుని పదో గ్రెగరీ అయ్యాడు.

ఏకర్ వదలకముందు ఆయన చేసిన పని ఒకటుంది, నాకు అదే ముద్దు. వెనిస్ వర్తకులైన పోలోలను వెనక్కి పిలిపించి, మంగోలు చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్‌కు ఉత్తరాలిచ్చి, తోడుగా ఇద్దరు సన్యాసులను పంపాడు. యుద్ధభయంతో సన్యాసులు దారిలోనే తిరిగొచ్చారు. పోలోల కుర్రవాడు, పదిహేడేళ్ల మార్కో మాత్రం ఆగలేదు. చాలా ఏళ్ల తర్వాత తిరుగుదారిలో చూసిన దేశాల ముచ్చట్లలో మన మోటుపల్లినీ చెప్పాడు, అక్కడి బట్ట సాలెగూడంత పలచన అన్నాడు. కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించిన రేవు అది. మా తాత సిరిసిల్లలో మగ్గం నేశాడు, నేను సూరత్‌లో సాంచాల లెక్కలు రాశాను. పోపు ఉత్తరం సంగతి ఏమైనా, బట్ట మాట నిలిచింది.

గ్రెగరీ 1274లో లియోన్‌లో మహాసభ పెట్టాడు. గ్రీకు చర్చితో కలయిక, కొత్త శిలువ యుద్ధం అన్నాడు. మొదటిది ఎక్కువ కాలం నిలవలేదు, రెండోది కదలనే లేదు. అదే సభలో వేసిన నియమం మాత్రం గట్టిది: పోపు పోయాక కార్డినళ్లు ఒకే గదిలో ఉండాలి, మూడు రోజులు దాటితే పూటకు ఒకే వంటకం, మరో ఐదు రోజులు దాటితే రొట్టె, నీళ్లు, ద్రాక్షసారా.

1276 జనవరి 10న ఆయన అరెజ్జోలో కన్నుమూశాడు. ఆ నియమం కింద జరిగిన మొదటి ఎన్నిక ఒక్కరోజులో ముగిసింది. తర్వాతి పోపులు దాన్ని పక్కనపెట్టారు. 1292 నుంచి మళ్లీ పీఠం రెండేళ్లకు పైగా ఖాళీ. 1294లో ఐదో సెలెస్టీన్ వచ్చి ఆ తాళం నియమాన్ని తిరిగి తెచ్చాడు.