నీలి రక్తం అనే అబద్ధం ఎక్కడ పుట్టింది?

 

స్కూల్ సైన్స్ పుస్తకంలో గుండె బొమ్మ గుర్తుందా? ధమనులకు ఎరుపు, సిరలకు నీలం వేసి ఉంటుంది. చేతి మీద కనిపించే సిరల్నే మనం మామూలుగా నరాలు అంటాం. ఆ బొమ్మ చూసి చాలామంది సిరల్లో నీలి రక్తం పారుతుందనుకుంటారు. అది తేడా తెలియడానికి వేసిన రంగు, అంతే. కానీ ఈ నీలం పేరు చెప్పుకునే ఒకప్పుడు కొందరు తమని పైవాళ్లం అనుకున్నారు.

ఇది స్పెయిన్ చరిత్ర. 1449లో టొలీడో నగరంలో ఒక శాసనం చేశారు. యూదు మతం నుంచి క్రైస్తవంలోకి వచ్చిన కుటుంబాలవాళ్లకు నగరంలో పదవులు ఇవ్వకూడదని. మతం మారినా రక్తం మారదు అన్నది వాళ్ల వాదన. తర్వాత ఇలాంటి ‘రక్త శుద్ధి’ నియమాలు చాలా సంస్థల్లోకి పాకాయి. కాస్టైల్ ప్రాంతపు పెద్దింటివాళ్లు తమది నీలి రక్తం అని చెప్పుకునేవాళ్లు. మా వంశం యూదులతో, మూర్లతో కలవలేదు, అందుకే తెల్లటి చర్మం కింద నరాలు నీలంగా కనిపిస్తాయి అని. ఎండలో పనిచేసి నల్లబడిన చేతి మీద నరాలు అంత నీలంగా కనబడవు కదా! కష్టం చేయకపోవడమే గొప్ప అయిపోయింది.

సైన్స్ వేరే మాట చెప్పింది. ముదురు రంగు రక్తం ఊపిరితిత్తుల్లో గాలి తగిలి మంచి ఎరుపులోకి మారుతుందని 1669లో ఇంగ్లండ్ డాక్టర్ రిచర్డ్ లోవర్ రాశాడు. ఆ ఎర్ర పదార్థానికి 1864లో జర్మనీ శాస్త్రవేత్త హోప్పె-సైలర్ హీమోగ్లోబిన్ అని పేరు పెట్టాడు. ఆక్సిజన్ నిండుగా ఉంటే అది మెరిసే ఎరుపు, తగ్గితే ముదురు ఎరుపు. నీలం మాత్రం కాదు.

మరి నరం నీలంగా ఎందుకు కనిపిస్తుంది? 1996లో ఆల్విన్ కీన్లే, ఆయన తోటివాళ్లు దీన్ని లెక్కకట్టి వివరించారు. ఎర్ర కాంతి చర్మంలోకి లోతుగా పోతుంది. నీలి కాంతి అంత లోతుకు పోదు, పైపైనే తిరిగొస్తుంది. సిర ఉన్నచోట లోపలికి పోయిన ఎర్ర కాంతిలో కొంత రక్తం మింగేస్తుంది. చుట్టూ ఉన్న చర్మంతో పోలిస్తే అక్కడ ఎరుపు తగ్గుతుంది, కాబట్టి మన కంటికి నీలం అనిపిస్తుంది.

సైన్స్ తెలిస్తే వివక్ష దానంతట అదే పోదు. ల్యాండ్‌స్టైనర్ 1901లోనే రక్తం గ్రూపుల గురించి చెప్పాడు. అయినా 1941లో అమెరికన్ రెడ్‌క్రాస్ సైనికుల కోసం నల్లజాతివాళ్ల రక్తం తీసుకోమంది. 1942 జనవరిలో తీసుకుంటాం గానీ విడిగా పెడతాం అంది. అక్కడి బ్లడ్ బ్యాంకు పని మొదట్లో నడిపించిన డాక్టర్ చార్లెస్ డ్రూ నల్లజాతివాడే. ఆయన రక్తానికీ అదే నియమం! దీనికి సైన్స్ ఆధారం ఏమీ లేదని ఆయన గట్టిగా చెప్పాడు. రెడ్‌క్రాస్ ఆ పద్ధతి మానడానికి 1950 దాకా పట్టింది.

అందుకే ఎవరైనా “మా రక్తం వేరు, మీ రక్తం వేరు” అంటే తల దించుకోకండి. వేరే ఏముంది, ఏ గ్రూపు అని అడగండి. మన ఊళ్లో స్కూల్‌కి పోయే పిల్లలకి కూడా ఆ గుండె బొమ్మ చూపించి ఈ సంగతి చెప్పండి.