బ్రెట్ ఫార్వ్: ఒక బంతి విసరువాని చరిత్ర



నేఁటి ప్రసంగమునకు నే నెన్నుకొన్న విషయము మీలోఁ గొందఱకు వింతగాఁ దోఁపవచ్చును. అమెరికా సంయుక్తరాష్ట్రములలో నాడెడి ఫుట్‌బాల్ ఆటయందు, బంతి విసరు స్థానమున నిరువదియేండ్లు నిలిచిన యొక యాటగాని కథ యిది. పంచకావ్యములు చదువుకొని, బడిపిల్లలకు వ్యాకరణము చెప్పి, యుద్యోగము చాలించుకొన్న నావంటివానికి దీనితోఁ బని యేమని మీ రడుగవచ్చును. మా తమ్ముని కుమారుఁ డాదేశమున నుద్యోగము చేయుచున్నాఁడు. ఒక శీతకాలమున నే నచ్చట నుండఁగా, వాఁడు పాత యాటల దృశ్యములను టెలివిజన్‌లోఁ బెట్టి, "పెదనాన్నా, ఇది చూడండి" అని పిలిచెడివాఁడు. మొదట నాకది వట్టి పెనుగులాటగాఁ గనఁబడెను. కొన్నివారములకు అందలి విచారము తెలిసెను. తెలిసినపిదప విడువ బుద్ధి పుట్టలేదు.

పేరు ఫుట్‌బాలే గాని కాలితోఁ దన్నుట యిందుఁ దక్కువ. బంతి కోలగా, రెండుకొనలును మొనదేలి యుండును. జట్టునకు పదునొకండుగురు. బంతి కలిగిన జట్టు నాలుగు ప్రయత్నములలోఁ బది గజములు ముందునకుఁ బోవలెను. పోయినచో మఱల నాలుగు ప్రయత్నములు లభించును. పోలేకున్న బంతి యెదిరివారిది. బంతి నెత్తుకొని పరుగెత్తవచ్చును, లేదా ముందున్న తనవానికి విసరవచ్చును. విసరవలెనా, మానవలెనా, విసరినచో నెవనికి విసరవలెను అని తేల్చువాఁడు క్వార్టర్‌బ్యాక్. బంతి వాని చేతికి వచ్చినతోడనే యెదిరివారు నలుగురో యైదుగురో వానిమీఁదికి దుముకుదురు. వానికిఁ గల వ్యవధి యించుమించు మూఁడు సెకండ్లు.

మన యూళ్లలోఁ జెడుగుడు ఆడినవారికి ఈ సంకటము క్రొత్తది కాదు. కూఁతకుఁ బోయినవాఁడు ఒకనిఁ దాఁకినపిమ్మట గీతకు మఱలి రావలెనా, ఇంకొకనిఁ గూడఁ దాఁకుదమని నిలువవలెనా అనునది ఊపిరి విడువకయే తేల్చుకొనవలెను గదా. అచ్చట ఊపిరి, ఇచ్చట సెకండ్లు. తేల్చుకొనుట తప్పినచో విసరిన బంతిని ఎదిరివాఁడే నడుమఁ బట్టుకొనును. దానిని వారు ఇంటర్‌సెప్షన్ అందురు. నేను నడుమపట్టు అనియెదను.

ఈ విసరుట యాటలో మొదటినుండియు నున్నది కాదు. పూర్వము ముందునకు బంతి విసరుట నిషిద్ధము. ఒకరిపై నొకరు పడి త్రొక్కుకొనుటయే యాట. 1905 వ సంవత్సరమున పదునెనిమిదిమంది వఱకు నాటగాండ్రు మరణింపఁగా, అధ్యక్షుఁడగు థియొడోర్ రూజ్‌వెల్టు గొప్ప విద్యాలయముల ప్రతినిధులను పిలిపించి, ఆటను సంస్కరింపుఁ డని చెప్పెను. మఱుసటియేఁడు ముందునకు విసరుట యనుమతింపఁబడెను. సెప్టెంబరు 5, 1906 న విస్కాన్సిన్ రాష్ట్రమున వాకెషా అను నూర సెయింట్ లూయీ విశ్వవిద్యాలయపు బ్రాడ్‌బరీ రాబిన్సన్ మొదటి బంతి విసరెను. అది యెవరికిని తగులక నేలఁ బడెను. నాఁటి నిబంధన ననుసరించి బంతి యెదిరివారి పాలయ్యెను! పిదప విసరినది మాత్రము తనవానికి అంది, గుఱి చేరెను. ఈ కొత్తపద్ధతికి వైఫల్యమే శ్రీకార మనుట నాకు వినోదముగా నున్నది.

ఇఁక మన కథానాయకునికడకుఁ బోదము. పేరు బ్రెట్ ఫార్వ్. ఆ యింటిపేరులో వ్రాఁతయందు వకారము ముందు, రేఫ వెనుక. పలుకునప్పుడు రేఫ ముందునకు వచ్చును. మన వైయాకరణులు వర్ణవ్యత్యయ మనునది అమెరికాలోను గలదు. 1969 వ సంవత్సరమున మిసిసిపీ రాష్ట్రమున జన్మించెను. తండ్రి యచ్చటి బడిలో ఆట నేర్పెడివాఁడు. తండ్రి పద్ధతి పరుగునకే ప్రాధాన్య మిచ్చునది గావున, బలమైన చేయి కలిగియు కుమారునికి బడిలో విసరు నవకాశము తక్కువ. 1991 లో అట్లాంటా జట్టునఁ జేరి నాలుగు బంతులు విసరఁగా రెండు నడుమపట్టులు. తక్కిన రెండు నేలఁబడినవి. మఱుసటియేఁడు గ్రీన్‌బే జట్టువారు ఇతనిని తెచ్చుకొనిరి. 1992 సెప్టెంబరులో తమ క్వార్టర్‌బ్యాక్ గాయపడఁగా నితఁడు దిగి, ఆట ముగియుటకు పదుమూఁడు సెకండ్లుండఁగా విసరిన బంతితో సిన్సినాటిని 24-23 గా గెలిపించెను. అది మొదలు 2010 డిసెంబరువఱకు వరుసగా 297 ఆటలలో మొదటినుండి నిలిచెను.

అయితే శిక్షకుఁడగు మైక్ హోమ్‌గ్రెన్‌కు నిద్ర లేకుండెను. 1993 లో నితనివి 24 నడుమపట్టులు; గుఱి చేర్చినవి 19 మాత్రమే. ఇద్దఱు ముగ్గురు చుట్టుకొనియున్న తనవానికిఁ గూడ, సందు జేనెడున్న నందులోనికి విసరెడివాఁడు. ఎదిరివారు కనఁబడక కాదు. తన చేతి వేగముపై నమ్మకము. వీనిని తీసి వేఱొకనిఁ బెట్టుదమా యను విచారము 1994 లోఁ బుట్టినను, హోమ్‌గ్రెన్ ఇతనినే యుంచెను. ఆ యేఁడు గుఱి చేరినవి 33, నడుమపట్టులు 14. పిదప 1995, 1996, 1997 సంవత్సరములలో వరుసగా శ్రేష్ఠక్రీడాకారుఁడను గౌరవము పొందెను. మూఁడవది మఱియొకనితోఁ బంచుకొన్నది. 1997 జనవరి 26 న న్యూ ఆర్లియన్స్ నగరమున సూపర్‌బౌల్ అను తుదిపోరాటమున, తన జట్టు రెండవ ప్రయత్నమందే, ఎదిరివారి నిలుకడ చూచి, ముందనుకొన్న యెత్తును గీతయొద్దనే మార్చి, 54 గజముల బంతి విసరి గుఱి చేర్చెను. అది తొందరపాటు కాదు. మూఁడు సెకండ్లలోఁ జేసిన శాస్త్రవిచారము. గ్రీన్‌బే 35-21 గా గెలిచెను.

ఇచ్చట నొక్కమాట నా సంగతి చెప్పుకొందును. నా తరగతిలో నొక పిల్లవాఁడు ప్రశ్న పూర్తికాకమునుపే చేయి యెత్తి సమాధానము చెప్పెడివాఁడు. పదింట నేడెనిమిది సరి. తక్కినవి ఘోరమైన తప్పులు. వానిని నేను పలుమాఱులు దండించితిని. కొన్నాళ్లకు వాఁడు తప్పులు చెప్పుట మానెను. చేయి యెత్తుటయు మానెను. హోమ్‌గ్రెన్ కథ వినునపుడు ఆ పిల్లవాని మొగము నాకు జ్ఞప్తికి వచ్చినది.

ఐనను దండింపనివానికిఁ గలుగు నష్టమును చిన్నది కాదు. 2002 జనవరిలో సెయింట్ లూయీ నగరమున నొక్క యాటలోనే యాఱు నడుమపట్టులు. 2004 జనవరి 11 న ఫిలడెల్ఫియాలో 17-17 గా సమమై, అదనపు కాలము వచ్చెను. ఎదిరివారు మీఁదఁబడుచుండఁగా ఎత్తుగా విసరిన బంతిని బ్రయన్ డాకిన్స్ పట్టెను, జట్టు ఓడెను. 2005 లో నడుమపట్టులు 29, జట్టు గెలిచిన యాటలు నాలుగు. 2008 జనవరి 20 న ఒడలు గడ్డకట్టు చలిలో, సొంతయూరనే, న్యూయార్కు జయింట్స్ జట్టుతో 20-20; అదనపు కాలమున రెండవ ప్రయత్నమందే నడుమపట్టు. గ్రీన్‌బే జట్టునకు అతఁడు విసరిన కడపటి బంతి యదియే.

2007 వ సంవత్సరపు శరత్కాలమును జూడుఁడు. సెప్టెంబరు 30 న 421 వ బంతిని గుఱి చేర్చి, అంతవఱకు డాన్ మరీనో పేరనున్న లెక్కను దాఁటెను. పదునాలుగు దినములకు, అక్టోబరు 14 న, 278 వ నడుమపట్టుతో జార్జి బ్లాండా పేరనున్న లెక్కనుగూడ దాఁటెను. తుదకు మొదటిది 508, రెండవది 336 అయ్యెను. ఈ రెండవసంఖ్య యెవరును దాఁటనిది. కాని లెక్క సరిగాఁ గట్టవలెను. బ్లాండా విసరినవి 4,007. ఫార్వ్ విసరినవి 10,169. నూటి కింత యని చూచినచో బ్లాండాకు నించుమించు ఏడు; ఫార్వ్‌కు మూఁడుంబావు. పూర్వులతోఁ బోల్చినచో నితఁడు జాగ్రత్తపరుఁడే యని చెప్పవలసివచ్చును. ఇతని వెనుక గ్రీన్‌బేలో ఆ స్థానమునకు వచ్చిన ఆరన్ రాడ్జర్స్ 2018 లో 597 బంతులు విసరి రెండే పోఁగొట్టుకొనెను. ఆ యేఁడు జట్టు గెలిచినవి ఆఱు ఆటలే.

కడపటి ఘట్టము 2010 జనవరి 24. మఱల న్యూ ఆర్లియన్స్, మఱల నదే మందిరము. ఫార్వ్‌కు నలువదియేండ్లు, మినెసోటా జట్టులో నున్నాఁడు. ఆ వత్సరమంతయు నతఁడు పోఁగొట్టుకొన్నవి ఏడే. గుఱి చేర్చినవి 33. అంతటి నిగ్రహ మతని జీవితమున మఱెన్నఁడును లేదు. ఆట 28-28, పందొమ్మిది సెకండ్లున్నవి. పండ్రెండుగురు మంతనమునఁ గూడిన తప్పునకు జట్టు ఐదు గజములు వెనుకకుఁ బోయి, 38 వ గజపుగీతపై నుండెను. అచ్చటినుండి కాలితోఁ దన్ని గెలువవలెనన్న 55 గజములు, కష్టము. పదిగజములు ముందునకుఁ బోయిన సులభము. ఫార్వ్ కుడివైపునకుఁ గదలెను. ముందు నేల కొంత ఖాళీగా నున్నది. కాని చీలమండ దెబ్బతిని కుంటుచున్నాఁడు. పరుగెత్తక, మైదానమున కడ్డముగా, నడుమకు విసరెను. ట్రేసీ పోర్టర్ పట్టెను. అదనపు కాలమున న్యూ ఆర్లియన్స్ 31-28 గా గెలిచి, ఫిబ్రవరిలో సూపర్‌బౌల్‌ను గూడఁ గైకొనెను.

ఈ దృశ్యమును మావాఁడు మూఁడుమాఱులు త్రిప్పి చూపించి, "పరుగెత్తియుంటే చాలును గదా, పెదనాన్నా! నేలమీఁదఁ బడినను చాలును" అని చింతించెను. సరియే యంటిని. పిమ్మట ఆ సంవత్సరపు సెప్టెంబరు 27 నాఁటి యాట చూపు మంటిని. శాన్‌ఫ్రాన్సిస్కోతో నాడినది. రెండు సెకండ్లుండఁగా, 32 గజముల దూరమునుండి, గుంపులోనికి విసరిన బంతిని వెనుకగీతయొద్ద గ్రెగ్ లూయిస్ అందుకొనఁగా, ఫార్వ్ జట్టు 27-24 గా గెలిచిన యాట. చూచినపిదప, "దీనిని విసరవలసినదా, మానవలసినదా?" అని యడిగితిని. మావాఁడు కొంతసేపు తెరవంక చూచి, కాఫీ తెచ్చెదనని లోపలికిఁ బోయెను.