మసి కాదు, మాడు

ఈ సారి నా పోస్టు ఒక చిన్న ఇబ్బందితో మొదలైంది. ఆ ఇబ్బందికి తెలుగులో పేరు వెతుకుతూ నేను చరిత్రలోకి వెళ్లిపోయాను.

నేను ఉండేది ఫిలడెల్ఫియాకి దగ్గర్లో. మా పక్కింటి పెద్దాయన దగ్గర పాతకాలం నమూనా రైఫిల్ ఒకటి ఉంది. దాంట్లో మందు, గుండు రెండూ గొట్టం మూతి నుంచే వేయాలి. తర్వాత కడ్డీతో కిందికి దట్టించాలి. వెనక చిన్న రాగి క్యాప్ పెట్టి మీట నొక్కితే పేలుతుంది. నెల క్రితం ఆయనతో పాటు షూటింగ్ రేంజికి వెళ్లాను. మొదటి నాలుగు గుండ్లు బాగానే దిగాయి. ఐదోది సగం దారిలో ఇరుక్కుపోయింది. నేను కడ్డీ మీద బలంగా కొట్టబోతే ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. గుండు మందు మీద ఆనాలి. మధ్యలో ఖాళీ ఉండగా పేలిస్తే గొట్టమే పగలవచ్చు. ఆ రోజు నాకు నిజంగా భయం వేసింది.

గుండును ఆపింది గొట్టం లోపల పేరుకున్న నల్లటి పదార్థం. దాన్ని తెలుగులో ఏమంటారు? నేను "మసి" అని రాసుకున్నాను. అనుమానం వచ్చి తెనాలిలో ఉన్న అమ్మమ్మకి ఫోన్ చేశాను.

"తుపాకీయా? నీకెందుకురా అవన్నీ?" అని ముందు బాగా తిట్టింది. తర్వాత అడిగింది, "గుడ్డతో తుడిస్తే పోతుందా?"

"పోదు అమ్మమ్మా. గట్టిగా అంటుకుంది. వేణ్నీళ్లు పోస్తే కరుగుతుంది."

"అయితే మసి కాదు నాన్నా, మాడు. లాంతరు గ్లాసుకి పట్టేది మసి. గిన్నె అడుగున పట్టేది మాడు. మాడుని నానబెట్టి గోకాలి."

అమ్మమ్మ ఎప్పుడూ తుపాకి పట్టుకోలేదు, కానీ సరిగ్గా చెప్పింది. నల్లమందులో మూడు పదార్థాలు ఉంటాయి: సురేకారం, బొగ్గు, గంధకం. 1875లో నోబుల్, ఏబెల్ అనే ఇద్దరు ఇంగ్లండ్‌లో ఈ మందు కాలితే ఏమవుతుందో కొలిచి చూశారు. బరువులో సగం కన్నా తక్కువే వాయువుగా మారింది. మిగిలినదంతా ఘనపదార్థం, ఎక్కువగా పొటాషియం లవణాలు. కొంత పొగతో బయటికి పోతుంది, కొంత గొట్టానికి అంటుకుంటుంది. లవణాలు కాబట్టే నీళ్లలో కరుగుతాయి. పొడి ఎండలో మాత్రం రాయిలా గట్టిపడతాయి.

ఇప్పుడు సైనికుడి సంగతి ఆలోచించండి. నాకు గుండు ఇరుక్కుంటే ఇంటికి వెళ్లిపోవచ్చు. యుద్ధంలో ఉన్నవాడు ఎక్కడికి వెళ్తాడు? అందుకే బ్రిటిష్ సైన్యం చాలా కాలం గొట్టం కన్నా బాగా చిన్న గుండు వాడింది. వాళ్ల బ్రౌన్ బెస్ మస్కెట్ గొట్టం వెడల్పు సుమారు 0.75 అంగుళం, గుండు సుమారు 0.69. మాడు పట్టినా గుండు దిగుతుంది. కానీ వదులుగా ఉంటుంది కాబట్టి గురి కుదరదు. రైఫిల్ గొట్టంలో మెలి తిరిగిన గాడులు ఉంటాయి. గుండు వాటిని గట్టిగా పట్టుకుంటేనే తిరుగుతూ సూటిగా పోతుంది. గట్టిగా పట్టాలంటే బిగుతుగా ఉండాలి, బిగుతుగా ఉంటే మాడులో ఇరుక్కుంటుంది.

1849లో ఫ్రాన్స్‌లో మినియే అనే సైనికాధికారి దీనికి ఒక దారి చూపించాడు. ఆయన గుండు అడుగు డొల్లగా ఉంటుంది. దిగేటప్పుడు సన్నగా ఉండి, పేలేటప్పుడు ఉబ్బి గాడుల్ని పట్టుకుంటుంది. బ్రిటిష్ వాళ్ల 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్ కూడా ఇదే పద్ధతి. గొట్టం 0.577 అంగుళం, గుండు 0.568. తేడా అంగుళంలో వెయ్యింట తొమ్మిది వంతులు మాత్రమే. అంత సందులో మాడు గట్టిపడకూడదు. అందుకే తూటా కాగితానికి కొవ్వు పూశారు.

ఇక్కడ కథ ఇండియాకి వస్తుంది. సైనికులు తూటా కాగితాన్ని పళ్లతో కొరికి తెరవాలి. 1857 మొదట్లో, ఆ కొవ్వు ఆవుదీ పందిదీ అనే మాట కలకత్తా దగ్గర డమ్‌డమ్ నుంచి పాకింది. హిందువుకీ ముస్లింకీ ఇద్దరికీ అది మతం పోయే విషయం. నెయ్యో తేనెమైనమో మీరే పూసుకోండి అని అధికారులు చెప్పారు, కొరకకుండా చేత్తో చింపమన్నారు. అప్పటికే ఆలస్యం అయింది. ఏప్రిల్ 24న మీరట్‌లో 90 మందిలో 85 మంది తూటాలు తీసుకోలేదు. నిజానికి ఆ రోజు ఇచ్చినవి పాత రకం తూటాలే. కానీ నమ్మకం లేనప్పుడు పాతదైతే ఏమిటి, కొత్తదైతే ఏమిటి? మే 10న తిరుగుబాటు మొదలైంది.

తిరుగుబాటుకి వేరే కారణాలు చాలా ఉన్నాయి: జీతాలు, భూములు, 1856లో అవధ్‌ని కలుపుకోవడం. గొట్టంలో మాడు వల్లే 1857 వచ్చింది అని నేను అనను. కానీ ఆ కొవ్వు తూటా మీదికి వచ్చింది మాత్రం మాడు వల్లే.

నాకు బాగా నచ్చిన విషయం ఇంకొకటి. ఆ రోజుల్లో ఢిల్లీ జనం సిపాయిల్ని "తిలంగాలు" అని పిలిచేవారు. కంపెనీ మొదట్లో తెలుగు ప్రాంతం నుంచి సిపాయిల్ని బెంగాల్‌కి తీసుకెళ్లింది. తర్వాత సిపాయిలు ఏ ఊరి వాళ్లైనా ఆ పేరు మాత్రం మిగిలిపోయింది. 1857 నాటికి ఆ "తిలంగాలు" ఎక్కువగా అవధ్ వాళ్లు. ఇది చదివినప్పుడు, వేరే దేశంలో పుట్టి తెలుగువాడిని అనిపించుకునే నాకు కొంచెం నవ్వు వచ్చింది.

తర్వాత బ్రిటిష్ వాళ్లు గుండుని 0.55 అంగుళానికి తగ్గించారు. అమెరికా అంతర్యుద్ధంలో మా ఫిలడెల్ఫియా మనిషి విలియమ్స్ చేసిన గుండు వాడారు. దాని అడుగున ఉన్న జింకు బిళ్ల పేలుడికి వెడల్పై గొట్టాన్ని గోకుకుంటూ పోతుందని తూటాల పొట్లంలో కొన్ని అవే పెట్టేవారు.

ఈ కాలం వేటగాళ్లకీ ఇదే గొడవ. కొత్త రకం రైఫిళ్లలో 209 అనే ప్రైమర్ వాడతారు. అది మొదట షాట్‌గన్ తూటాల కోసం చేసింది, మంట చాలా ఎక్కువ. గంధకం లేని కొన్ని కొత్త మందులతో కలిస్తే, మందు ఉండే చోటుకి కొంచెం పైన గట్టి ఉంగరంలా మాడు పడుతుంది. అందుకే ఈ తుపాకుల కోసమే మంట తక్కువ ఉండే ప్రైమర్లు వచ్చాయి.

పోయిన శనివారం మళ్లీ రేంజికి వెళ్లాం. మందు ఎక్కువైతే మాడు కూడా ఎక్కువ కాబట్టి, రైఫిల్‌తో వచ్చిన పుస్తకంలో ఉన్న హద్దుల్లోనే కొంచెం తగ్గించాం. ప్రతి గుండు తర్వాత తడిగుడ్డతో గొట్టం తుడిచాం. పదో గుండు కూడా మొదటి దానిలాగే దిగింది. ఇంటికి వచ్చి వేణ్నీళ్లతో కడిగి, తుడిచి, ఆరబెట్టి, నూనె రాశాం.

ఆ రాత్రి అమ్మమ్మకి ఫోన్ చేసి, "మందు తగ్గించాను అమ్మమ్మా, ఇప్పుడు ఇబ్బంది లేదు" అన్నాను.

కొంచెం సేపు మాట లేదు. "ఎప్పటి నుంచి తాగుతున్నావురా?" అంది.

కాబట్టి మిత్రులారా, మందు అనే మాటతో మీరూ జాగ్రత్త.