కిటికీలో కమతం

దొంగల భయానికి రోమ్ నగర జనం కిటికీలకు అడ్డచెక్కలు బిగించుకున్నారని, దాంతో ఆ కిటికీల్లో పెంచుకునే తోటలు కాస్తా పోయాయని పెద్ద ప్లినీ తన ‘ప్రకృతి చరిత్ర’ పంతొమ్మిదో భాగంలో వాపోయాడు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు ప్రాణాలు పోగొట్టుకున్న ప్లినీయే ఈయన. అంతకుముందు రోజుల్లో బీదాబిక్కీ సైతం కిటికీలో నాలుగు మొక్కలు పెట్టుకుని పల్లెటూరిని రోజూ కళ్లారా చూసుకునేవారట. ఆ కాలపు రోమ్‌లో సామాన్యులుండేది నాలుగైదు అంతస్తుల అద్దె కొంపల్లో. పై అంతస్తుకు పోయేకొద్దీ అద్దె తగ్గుతుంది, మెట్లు పెరుగుతాయి. నేల మీద జానెడు జాగా లేనివాడికి మిగిలేది కిటికీ ఒక్కటే.

ప్లినీ తర్వాత ఒక తరానికి మార్షియల్ అనే కవి లూపస్ అనే ఆసామి మీద ఒక చాటువు చెప్పాడు. లూపస్ తనకు ఊరి పక్కన పొలం దానమిచ్చాడు గానీ, తన కిటికీలో ఉన్న కమతం అంతకన్నా పెద్దదని ఎకసెక్కెం. ఒక్క చీమ ఆ పొలాన్నంతా ఒక్క రోజులో మేసేస్తుందట, దోసకాయ తిన్నగా పడుకోవడానికి చోటు చాలదట. వినేవాళ్లకు కిటికీ తోటలు బాగా తెలిసి ఉంటే తప్ప ఈ హాస్యం పండదు.

ఆ కుండీలు నెత్తిన పడితే? రోమన్లు దానికీ చట్టం రాసుకున్నారు. దారి మీదికి వేలాడేలా, పడితే ఎవరికైనా దెబ్బ తగిలేలా ఏ వస్తువు పెట్టినా పది బంగారు నాణేల జరిమానా. వస్తువు పడనక్కర్లేదు, ఎవరికీ తగలనక్కర్లేదు, అపాయకరంగా ఉంటే చాలు. మన అపార్ట్‌మెంట్ సంఘాలవాళ్లు ఈ శాసనాన్ని లిఫ్టు పక్కన అతికిస్తే బాగుంటుంది. మూడడుగుల పొడవు, ఎనిమిదేసి అంగుళాల వెడల్పు, లోతు ఉన్న పెట్టెలో మామూలు తోట మన్ను నింపి నీళ్లు పోస్తే బరువు యాభై కిలోలు దాటుతుంది. రెండు మేకుల మీద వేలాడదీసే బరువు కాదది.

రోమ్ కన్నా ముందే ఏథెన్స్ ఆడవాళ్లు పగిలిన కుండపెంకుల్లో మన్ను పోసి లెట్యూస్, సోపు, గోధుమ, బార్లీ గింజలు చల్లి ఇంటి కప్పుల మీదికి మోసుకెళ్లేవారు. అడోనిస్ అనే అల్పాయుష్కుడైన దేవుడి పండగ అది. గింజలు ఇట్టే మొలిచి, ఎండకు ఇట్టే వాడిపోతాయి, వాటిని నీళ్లలో కలిపేవారు. మన పెళ్లిళ్లలో పాలికల్లో నవధాన్యాలు మొలకెత్తించే తంతు చూసినవాళ్లకు ఇది వింతగా అనిపించదు. అయితే ఇక్కడ మొలక వృద్ధికి గుర్తు, అక్కడ చావుకు గుర్తు.

మధ్యలో చాలా శతాబ్దాలు దాటేసి లండన్ వద్దాం. కిటికీ తోట కథ అసలు ముదిరింది అక్కడే. 1608లో సర్ హ్యూ ప్లాట్ అచ్చువేసిన తోటపని పుస్తకంలో ఇంటి లోపలా, కిటికీల దగ్గరా కుండీల్లో సువాసన మొక్కలు పెంచుకోమని ముచ్చటగా చెప్పాడు. తూర్పు ఎండో పడమటి ఎండో ధారాళంగా వచ్చే గది ఉండాలన్నాడు. ఆయన జాబితాలో ఉన్న స్వీట్ మార్జరమ్ మనకు కొత్తదేం కాదు, పూలదండల మధ్య కట్టే మరువమే. బేసిల్ కూడా మన సబ్జా మొక్కే, రుద్రజడ అంటారు. పూజించే తులసికి దగ్గరి చుట్టం, కానీ వేరే మొక్క.

ప్లాట్ కలవాడు, విశాలమైన గదుల మనిషి. మరో వందేళ్లకు లండన్ గాలిని బొగ్గు పొగ కమ్మేసింది. 1722లో హాక్స్‌టన్ నర్సరీ యజమాని థామస్ ఫెయిర్‌చైల్డ్ ‘ది సిటీ గార్డెనర్’ అనే చిన్న పుస్తకం రాశాడు. నాకు తెలిసి పట్నం గాలిని లెక్కలోకి తీసుకుని మొక్కలు ఎంచిన తొలి రచనల్లో అదొకటి. ఏ పువ్వు అందంగా ఉంటుందన్న ప్రశ్నను ఆయన పక్కన పెట్టాడు. ఏది ఈ పొగలో బతుకుతుంది? అంజూరం బతుకుతుంది, ద్రాక్ష బతుకుతుంది, మల్బరీ బతుకుతుంది. నేల లేనివాళ్లు పూలకొమ్మలు తెచ్చి గదిలో పెట్టుకునైనా తోట ఉందనుకుంటారని ఆయన గమనించాడు. ఈయన సామాన్యుడు కాడు. అంతకు కొన్నేళ్ల ముందే కార్నేషన్‌నూ స్వీట్ విలియమ్‌నూ కలిపి, మనిషి చేతి మీదుగా పుట్టిన తొలి సంకర మొక్కను తయారుచేసినవాడు.

పొగ తర్వాత కంపు. పద్దెనిమిదో శతాబ్దం రెండో సగంలో మధ్యధరా ప్రాంతపు మిన్యొనెట్ అనే మొక్క లండన్ చేరింది. చూడ్డానికి ఏమీ ఉండదు, పచ్చగా, గోధుమరంగుగా చిన్న కంకి. వాసన మాత్రం వీధి చివరి దాకా పోతుంది. మురుగు వీధుల్లో పారే ఊరికి ఇంతకన్నా కావలసిందేముంది? కిటికీ పెట్టెల నిండా అదే. 1824లో హెన్రీ ఫిలిప్స్ అనే రచయిత, మంచి వీధుల్లో ఈ పరిమళం ఎంత దట్టంగా ఉంటుందంటే దుర్గంధం మోసుకొచ్చే రోగాల నుంచి ఇంట్లోవాళ్లను కాపాడగలదని రాశాడు. చెడు గాలే రోగకారణమని డాక్టర్లు కూడా నమ్మిన రోజులవి కాబట్టి మిన్యొనెట్ ఒక రకంగా మందు మొక్కే.

కిటికీ మీదే పన్ను ఉన్న దేశమది. 1696లో మొదలైన కిటికీ పన్ను 1851 దాకా నడిచింది. ఇంటికి ఎన్ని కిటికీలుంటే అంత పన్ను, వాటాలుగా అద్దెకిచ్చిన కొంపల్లో కట్టేది యజమాని. ఆ యజమానులు ఏం చేశారో ఊహించవచ్చు, ఇటుకలతో కిటికీలు మూసేశారు. గాజు మీద సుంకం 1845లో పోయింది. ఈ రెండూ పోయాక వెలుతురు చవకైంది, కిటికీ పెట్టెలకు కాలం కలిసొచ్చింది. డబ్బున్న ఇళ్లలో రంగురంగుల మింటన్ కంపెనీ పలకలు అతికించిన పెట్టెలు, లోపల జింకు తొట్లు. మొక్కల్ని కుండీలతో సహా పెట్టెలో దించి, పూత అయిపోగానే ఆ కుండీ తీసి కొత్తది పెట్టేవారు. పెట్టె ఎప్పుడూ పూస్తున్నట్టే ఉంటుంది, వెనక ఖర్చు కనబడదు.

బీదవాళ్ల మొక్కలు ఎక్కణ్నుంచి వచ్చేవో హెన్రీ మేహ్యూ చెప్పాడు. 1851లో వెలువడిన ‘లండన్ లేబర్ అండ్ ది లండన్ పూర్’లో వీధి వర్తకుల గురించి ఆయన రాసిన పేజీలు ఇప్పటికీ తాజాగా ఉంటాయి. కోవెంట్ గార్డెన్ బజారులో తెల్లవారకముందే సరుకు కొని, తోపుడు బండ్ల మీద వేరు మొక్కలు పెట్టుకుని కేకలేస్తూ తిరిగే వాళ్లున్నారు. డబ్బు లేకపోతే పాత బట్టలిచ్చి మొక్క తీసుకోవచ్చు. మన వీధుల్లో పాత చీరలకు స్టీలు గిన్నెలిచ్చిన బేరమే. జెరేనియం, వాల్‌ఫ్లవర్, మిన్యొనెట్, మస్క్... పసుపు పూల మస్క్ మొక్కను 1826లో డేవిడ్ డగ్లస్ ఉత్తర అమెరికాలో సేకరించాడు. కస్తూరి వాసన కోసమే జనం దాన్ని కిటికీల్లో పెట్టుకున్నారు. 1913 ప్రాంతంలో ఆ వాసన పోయింది! ఒకచోట కాదు, అన్నిచోట్లా పోయిందని తోటమాలులు మొత్తుకున్నారు. ఎందుకు పోయిందన్న దాని మీద వాదాలు ఇంకా తెగలేదు. వాసన లేని మస్క్‌ను ఎవరు కొంటారు, అది కిటికీ దిగిపోయింది.

ఇక మతపెద్దలు, దాతలు రంగప్రవేశం చేశారు. బ్లూమ్స్‌బరీ ప్రాంతంలోని సెయింట్ జార్జ్ చర్చిలో సహాయ గురువుగా పనిచేసిన శామ్యూల్ హాడెన్ పార్క్స్ 1860ల మొదట్లో తన పేటలోని పేదలకు కిటికీ పూల పోటీలు పెట్టించాడు. 1864లో ఆ అనుభవం పుస్తకంగా వేశాడు. ‘ప్రజలకు కిటికీ తోటలు’ అన్న పేరు వెనకే ‘శుభ్రంగా, పొందికగా ఉండే గదులు’ అని తగిలించాడు. అసలు ఉద్దేశం ఆ రెండో ముక్కలో ఉంది. పూలకుండీ ఉన్న ఇంట్లో నేల తుడుస్తారు, కిటికీ అద్దం కడుగుతారు, మగవాడు సాయంత్రం సారా కొట్టుకు పోకుండా ఇంటికొస్తాడు అన్నది ఈ దాతల లెక్క.

ఈ పద్ధతి లండన్‌లోని మిగతా పేటలకూ పాకింది. పోటీలో ఫ్యూషియాలకు వేరు, జెరేనియాలకు వేరు, ఏడాది మొక్కలకు వేరు బహుమతులు. బజారులో పూసిన మొక్క కొనుక్కొచ్చి ముందు రోజు కిటికీలో పెట్టేవాళ్లు ఉంటారని నిర్వాహకులకు తెలుసు. అందుకని పోటీ మొక్కను ముందుగా నమోదు చేయించుకుని కొన్ని వారాలు ఇంట్లోనే పెంచాలని నియమం పెట్టారు. దాతలు పేదల్ని నమ్మింది అంతవరకే. నాకు ఈ పోటీల చరిత్ర చదువుతుంటే ఇష్టమూ చిరాకూ రెండూ కలుగుతాయి. పార్క్స్ మంచివాడే, సందేహం లేదు. కానీ పేదలకు పూలను నేర్పుతున్నామన్న గొంతు ఆ ఉద్యమం పొడవునా వినబడుతుంది. మేహ్యూ చూసిన బండ్ల దగ్గర పాత బట్టలిచ్చి జెరేనియం కొన్నవాళ్లకు ఎవరు నేర్పారు? ప్లినీ నాటి రోమ్ జనానికి ఎవరు బహుమతులిచ్చారు?

లండన్ కిటికీని చివరికి గెలిచింది జెరేనియం. వృక్షశాస్త్ర ప్రకారం అది పెలర్గోనియం. వృక్షశాస్త్రవేత్త లినేయస్ రెండింటినీ ఒకే గాటన కట్టాడు, 1789లో లెరిటియే అనే ఫ్రెంచివాడు విడదీశాడు, అయినా జనం పాత పేరే అంటారు. దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతం దాని పుట్టిల్లు. అక్కడి ఎండకూ నీటికరువుకూ తట్టుకోవడం దాని ఒంట్లోనే ఉంది. కాడ కండపట్టి నీళ్లు దాచుకుంటుంది, ఆకుల మీద సన్నని నూగు ఉంటుంది. గుండ్రటి ఆకు మధ్యలో గుర్రపు లాడంలా నల్లటి వలయం. ఆకు నలిపితే వచ్చే ఘాటు వాసన కొందరికి పడదు. ఎర్ర జెరేనియం అంటే చార్లెస్ డికెన్స్‌కు పిచ్చి ఇష్టమని ఆయన కూతురు మేమీ రాసింది.

జెరేనియాన్ని కొమ్మతో పెంచేటప్పుడు నాలుగైదు అంగుళాల లేత కొమ్మను కణుపు కింద కోసి, కింది ఆకులూ మొగ్గలూ తుంచేసి, ఒక రోజు నీడన పడేస్తారు. కోసిన చోట చెమ్మ ఆరి పొర కట్టాలి. అప్పుడు ఇసుక కలిపిన మన్నులో గుచ్చి, ఒక్కసారి నీళ్లు పోసి వదిలేయాలి. మిగతా కొమ్మల్లా దీన్ని ప్లాస్టిక్ సంచిలో కప్పితే కాడ నల్లబడి కుళ్లుతుంది. రెండు మూడు వారాల్లో వేళ్లు పడతాయి. అంటే ఒక మొక్క కొన్న ఇంటి నుంచి వీధంతటికీ కొమ్మలు పోతాయి, పైసా ఖర్చు లేదు. చలికాలంలో కొందరు మొక్కను వేళ్లతో సహా పీకి, మన్ను దులిపి, అటకలో తలకిందులుగా వేలాడదీసి వసంతానికి మళ్లీ నాటేవారు. మరచిపోయినా చావని మొక్క, పొద్దస్తమానం పనికి పోయే మనిషికి సరిజోడు.

మొక్కల ఎంపిక ఇంతగా ముదిరినా మన్ను సంగతి ఇరవయ్యో శతాబ్దం దాకా ఎవరూ తేల్చలేదు. ఒక్కో తోటమాలికి ఒక్కో రహస్య మిశ్రమం. లండన్ శివారు మెర్టన్‌లోని జాన్ ఇన్నెస్ సంస్థలో జన్యు పరిశోధనల కోసం పెంచే ప్రిమ్యులా మొలకలు చచ్చిపోతుంటే, 1930లలో లారెన్స్, న్యూవెల్ అనే ఇద్దరు కూర్చుని ఆ రహస్యాలన్నిటికీ స్వస్తి చెప్పారు. ఏడు పాళ్లు ఆవిరితో శుద్ధి చేసిన గరపమన్ను, మూడు పాళ్లు పీట్, రెండు పాళ్లు ఇసుక, పైన కొంచెం కొమ్ములు, గిట్టల పొడి, సుద్ద. సూత్రాన్ని పేటెంటు చేయకుండా అందరికీ వదిలేశారు. కిటికీ పెట్టెకు ఇది ప్రాణం. అంత కొంచెం మన్నులో వేళ్లకు పారిపోయే దారి ఉండదు, రోజూ పోసే నీళ్లతో సారమంతా అడుగు చిల్లుల్లోంచి కారిపోతుంది.

పీట్ అంటే చిత్తడి నేలల్లో వేల ఏళ్లు పేరుకున్న నాచు. దాన్ని తవ్వితే బొగ్గుపులుసు వాయువు గాల్లోకి పోతుందని తెలిశాక బ్రిటన్ తోటమాలులు వేరే సరుకు వెతుక్కున్నారు. అది మన కొబ్బరి డొక్కల్లో దొరికింది. పీచు తీశాక మిగిలే పొట్టును ఇటుకల్లా అదిమి భారత్, శ్రీలంక ఓడలకెత్తుతున్నాయి. కోనసీమలో ఒకప్పుడు దిబ్బల్లో పడేసి తగలబెట్టిన సరుకే. ఇక్కడ హైదరాబాదు బాల్కనీలోనూ ఎర్రమన్ను బరువు తగ్గించుకోవడానికి జనం దాన్నే వాడుతున్నారు, మంచిదే. పుదీనాకు ఆ తేమ పడుతుంది, దాన్ని వేరే కుండీలో పెట్టకపోతే పక్క మొక్కను తినేస్తుంది. మరువానికి పొట్టు తగ్గించి ఇసుక పెంచాలి. కొనేముందు కడిగిన పొట్టేనా అని అడగడం మరవద్దు. డొక్కల్ని ఉప్పునీళ్లలో నానబెట్టే చోట్ల పొట్టు నిండా ఉప్పే ఉంటుంది, నాటిన కొన్నాళ్లకే ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగి మాడిపోతాయి.