మా ఇంటి తెల్ల గ్లోబు ఎక్కడిది?

మా ఇంటి ముందు గదిలో ఒక తెల్ల గాజు గ్లోబు వేలాడుతూ ఉంటుంది. చిన్న గుమ్మడికాయంత ఉంటుంది. లైటు వెయ్యకపోతే బోర్లించిన పాలగిన్నెలా, వేస్తే పున్నమి చంద్రుడిలా కనిపిస్తుంది. మా తాత దాన్ని మూర్ మార్కెట్‌లో కొన్నాడు. అప్పుడు రెండు కొన్నాడు. రెండోది ఇప్పుడు లేదు. దాన్ని పగలగొట్టింది నేనే, ఆ సంగతి తర్వాత చెప్తాను.

పోయిన వేసవిలో పాత సామాన్లు కొనే ఒకాయన మా వీధికి వచ్చాడు. మా నాయన పాత ఫ్యాను చూపించాడు. ఆయన ఫ్యానును పక్కన పెట్టి గ్లోబునే చూస్తూ నిలబడ్డాడు. "ఇది ఇటలీ గాజు సార్. మురానో సరుకు. 1950లలోది. ఇప్పుడు పెద్ద పెద్ద ఇళ్లవాళ్లు ఇవే వెతుక్కుంటున్నారు" అన్నాడు. ఇటలీదేనని తేలితే 8,000 రూపాయలు ఇస్తానన్నాడు. మా మిద్దె వానకు కారుతుంది. నాయన ముఖం చూస్తే ఆ డబ్బు అప్పుడే మిద్దె మీదికి ఎక్కినట్టుంది. మా అవ్వ మాత్రం ఒక్క మాట కూడా మాట్లాడకుండా లోపలికి పోయింది.

అదే వారం సోషల్ సార్ పత్రికకు చరిత్ర వ్యాసం రాయమన్నారు. అందరూ కోటలు, రాజులు తీసుకున్నారు. నేను గ్లోబు తీసుకున్నాను. సార్ నవ్వలేదు. "సరే, అయితే అది ఇటలీదో కాదో సాక్ష్యంతో చెప్పాలి" అన్నారు.

మురానో వెనిస్ పక్కన ఉన్న చిన్న దీవి. 1291లో వెనిస్ ప్రభుత్వం గాజు కొలుములను ఆ దీవికి మార్పించింది. ఊళ్లో కర్ర ఇళ్లు ఎక్కువ, ఒక కొలిమి నుంచి నిప్పు లేస్తే ఊరంతా పోతుందని భయం. గాజు పనివాళ్లు ఆ విద్య తీసుకొని వేరే దేశానికి పోకూడదని కట్టడి కూడా పెట్టారు. 15వ శతాబ్దంలో అక్కడివాళ్లు చైనా పింగాణీని చూసి ఆ తెల్లదనం గాజులో తేవాలని ప్రయత్నించి సాధించారు. దానికి లత్తిమో అని పేరు. ఇటాలియన్‌లో లత్తె అంటే పాలు. మనం పాలగాజు అన్నట్టే.

కానీ మా గ్లోబు లాంటివి ఇంటింటికీ రావడానికి కారణం పింగాణీ కాదు, కరెంటు బల్బు. నూనె దీపాన్ని మనం నేరుగా చూడగలం. గుండు బల్బును చూడలేం. అందులోని టంగ్‌స్టన్ తీగ సుమారు 2,500 డిగ్రీల వేడితో మండుతుంది. చూసి పక్కకు తిరిగితే కళ్ల ముందు ఆకుపచ్చ మచ్చలు ఆడతాయి. 1913 తర్వాత బల్బు లోపల వాయువు నింపడం మొదలుపెట్టాక వెలుగు ఇంకా పెరిగింది. అంత వెలుగు దొరికాక దాన్ని దాచడం ఎలా అనేది కొత్త సమస్య అయింది. నాకు ఇది భలే విచిత్రంగా అనిపించింది. వెలుగు కోసం వేల ఏళ్లు తపించారు, వచ్చాక దానికి ముసుగు వెతికారు!

ఆ ముసుగే తెల్ల గాజు. కరిగిన గాజులో ఫ్లోరైడు ఖనిజాలో, ఎముకల బూడిదో కలిపితే, చల్లారేటప్పుడు లోపల కంటికి కనపడనంత చిన్న రేణువులు ఏర్పడతాయి. వెలుగు వాటికి తగిలి అన్ని వైపులకూ చెదురుతుంది. పాలు తెల్లగా ఉండడం కూడా ఇలాగే, వాటిలోని వెన్న బొట్లు వెలుగును చెదరగొడతాయి. బల్బు ఎక్కడుందో తెలియదు, గ్లోబు మొత్తం వెలుగుతుంది.

ఈ విషయం మీద అందరికన్నా ఎక్కువ ఆలోచించినాయన ఇటలీవాడు కాదు, డెన్మార్క్ దేశపు పౌల్ హెన్నింగ్‌సెన్. 1894లో పుట్టాడు. 1925లో పారిస్ ప్రదర్శనలో ఆయన దీపానికి బంగారు పతకం వచ్చింది. ఆ మరుసటి ఏడాది మూడు రేకుల దీపం చేశాడు. ఒకదాని కింద ఒకటి మూడు గొడుగులు ఉంటాయి. పైది పెద్దది, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. గది లో ఎక్కడ కూర్చున్నా బల్బు కంటికి తగలకుండా, వెలుగు మాత్రం బల్ల మీద పడేలా ఆ గొడుగుల వంపును లెక్క కట్టాడు. నత్త గుల్లలో కనిపించే చుట్ట వంపు లాంటిదే అది. లోహంతోనూ, తెల్ల గాజుతోనూ చేశారు. యుద్ధకాలంలో, 1941లో, కోపెన్‌హాగన్‌లోని టివోలి అనే ఉద్యానవనానికి ఇంకో దీపం చేశాడు. ఆకాశంలో పోయే విమానాలకు కనపడకుండా, కింద నడిచేవాళ్లకు మాత్రం దారి కనపడేలా! 1943లో జర్మన్ల భయంతో ఆయన పడవలో స్వీడన్‌కు పారిపోయాడు. దీపాలు చేసే మనిషి కూడా చీకట్లో పారిపోవాల్సి వచ్చిందన్నమాట.

యుద్ధం అయ్యాక యూరప్‌లో లక్షల ఇళ్లు మళ్లీ కట్టారు. చిన్న గదులు, తక్కువ ఎత్తు కప్పులు. వాటిలో రాజుల కాలపు శాండిలియర్లు పడతాయా? తలకు తగులుతాయి. అందుకని నగిషీలు లేని, గుండ్రటి, కోడిగుడ్డు ఆకారపు, పుట్టగొడుగు ఆకారపు గాజు దీపాలు వచ్చాయి. మురానోలో వెనీనీ అనే సంస్థ ఉంది. 1921లో పాఓలో వెనీనీ అనే లాయరు, ఒక పాత వస్తువుల వ్యాపారితో కలిసి పెట్టాడు. అంటే పాత సామాన్ల వ్యాపారులను తక్కువ చెయ్యకూడదు! 1950లలో ఆ సంస్థకు దీపాలు గీసిచ్చిన కుర్రాళ్లలో మాస్సిమో విన్నెల్లీ ఒకడు. తెల్ల గాజులో రంగు పట్టీలు వేయించాడు. తర్వాత ఆయనే అమెరికా వెళ్లి, 1972లో న్యూయార్క్ భూగర్భ రైళ్ల మ్యాపు చేశాడు. 1950లో అమెరికాలోని బ్రూక్లిన్ మ్యూజియంలో ఇటలీ చేతిపనుల ప్రదర్శన మొదలై, మూడేళ్ల పాటు ఊరూరా తిరిగింది. యుద్ధంలో దెబ్బతిన్న ఇటలీకి అమెరికా కొనుగోళ్లు ప్రాణం పోశాయి.

1970లలో పెట్రోలు, గ్యాసు ధరలు పెరిగాయి. గాజు కొలిమిని రాత్రి కూడా ఆర్పకూడదు, ఆర్పితే లోపలి గాజు గడ్డకట్టి కుండ పగులుతుంది. కాబట్టి ఆ దెబ్బ గట్టిగానే తగిలింది. ఇంకోపక్క ప్లాస్టిక్ వచ్చింది. ఇళ్లల్లో జనం గాజు దీపాలు విప్పి చెత్తలో వేశారు. 1984లో కారా గ్రీన్‌బర్గ్ అనే ఆవిడ 1950ల ఫర్నిచర్ మీద పుస్తకం రాసి, దానికి "మిడ్-సెంచురీ మోడర్న్" అని పేరు పెట్టింది. అప్పటి నుంచి ఆ మాట ప్రపంచమంతా పాకింది. ఆ దీపాలు చేసినవాళ్లకు తాము ఆ పేరుగల కాలంలో ఉన్నామని తెలియనే తెలియదు. చెత్తలో వేసినవాటినే జనం మళ్లీ వెతికి కొనడం మొదలుపెట్టారు. గిరాకీ పెరిగాక నకిలీలూ పెరిగాయి. చివరికి 1994లో అక్కడి ప్రాంతీయ ప్రభుత్వం చట్టం చేసి మురానో గాజుకు ప్రత్యేక ముద్ర పెట్టాల్సి వచ్చింది.

సరే, మా గ్లోబు సంగతి. నాయన స్టూలు ఎక్కి, మెయిన్ ఆపి, దాన్ని దింపాడు. అవ్వ కింద పాత దుప్పటి పరిచింది. అద్దం పెట్టి చూశాను. వెనీనీ వాళ్లు చాలా వస్తువుల మీద ఆసిడ్‌తో చిన్న అక్షరాల ముద్ర వేసేవారు. మా దాని మీద అలాంటిది లేదు. కాగితం చీటీ అంటించిన గుర్తు కూడా లేదు. కానీ ముద్ర లేనంత మాత్రాన కాదని చెప్పలేం, చీటీలు కడిగితే పోతాయి.

తర్వాత అతుకు గీత కోసం చూశాను. రెండు ముక్కల ఇనప అచ్చులో గాజును ఊరికే ఊదితే, అచ్చు కలిసే చోట సన్నటి గీత పడుతుంది. మా దానికి గీత లేదు. అంటే పనివాడు తడిపిన అచ్చులో గాజును తిప్పుతూ ఊది ఉండాలి. తిప్పితే గీత చెరిగిపోతుంది. ఇంకొక్కటి చూడాలి, గాజు ఒక పొరా మూడు పొరలా అని. మంచి గ్లోబులో మధ్యన తెల్ల పొర, రెండు వైపులా తేట గాజు పొరలు ఉంటాయి. ఈ మూడూ చల్లారేటప్పుడు ఒకేలా ముడుచుకోవాలి, లేకపోతే పగిలిపోతుంది. కాబట్టి అది చెయ్యి తిరిగినవాళ్ల పని. కానీ మా గ్లోబు అంచు ఇత్తడి మూత లోపల పట్టేసి ఉంది, లాగితే విరుగుతుందని నాయన ముట్టనివ్వలేదు.

అప్పుడు నా పెన్సిలు డబ్బా తీశాను. మూడేళ్ల కింద దీపావళికి గ్లోబులు తుడిచే పని నాకు ఇచ్చారు. మళ్లీ బిగించేటప్పుడు ఊగుతోందని మూడు స్క్రూలూ బలంగా బిగించాను. గాజు వేడికి కొంచెం వ్యాకోచిస్తుంది, దానికి చోటు వదలాలని నాకు అప్పుడు తెలియదు. రాత్రి లైటు వేసిన కాసేపటికి టప్‌మని చిట్లి కింద పడింది. ఎవరూ కొట్టలేదు. అవ్వ మాత్రం ముక్కలు ఏరుతూ "ఆయన చేత్తో తెచ్చింది" అని ఒక్కసారి అంది. అరచేతిలో సగం ఉన్న ఒక ముక్క నేను దాచుకున్నాను. ఎందుకు దాచానో ఇప్పటికీ చెప్పలేను.

ఆ ముక్క అంచును కిటికీ దగ్గర పెట్టి చూశాను. తేట, తెలుపు, తేట. మూడు పొరలు! పరుగెత్తి నాయనకు చూపించాను. 8,000 వచ్చినట్టే అనుకున్నాం.

మర్నాడు సార్‌కు చూపిస్తే ఆయన హోల్డరు గురించి అడిగారు. మా దానిది ఇత్తడి హోల్డరు, బల్బును నొక్కి తిప్పే రెండు పిన్నుల రకం. ఇది ఇంగ్లండు పద్ధతి, మన దేశంలోనూ ఇదే. ఇటలీలో మరలు తిప్పే రకం వాడతారు. హోల్డరు తర్వాత మార్చి ఉండొచ్చు కదా అన్నాను. "ఉండొచ్చు. ఉందని కాదు" అన్నారు. మూడు పొరల గాజు జర్మనీలో, చెకోస్లోవేకియాలో, ఇంకా చాలా చోట్ల చేసేవారని కూడా చెప్పారు.

అవ్వ దగ్గర తాత జమాఖర్చు పుస్తకం ఉంది. తాత పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో ఫిట్టరు. 1955లో స్విట్జర్లాండ్ సహకారంతో మొదలైన ఫ్యాక్టరీ అది. అందుకే మా ఎదురింటి పెద్దాయన, ఎవరో స్విస్ ఇంజినీరు ఊరు వదిలిపోతూ అమ్మిన గ్లోబులు అవి అంటాడు. కథ బాగుంది, కాగితం లేదు. పుస్తకంలో 1968లో తాత తెలుగులో రాసింది ఇంతే: "మూర్ మార్కెట్ - తెల్ల గాజు బుడ్లు 2 - రూ. 14." దేశం పేరు రాయలేదు. 1957 తర్వాత మన దేశంలో విదేశీ మారకం కొరత వల్ల దిగుమతులకు లైసెన్సులు గట్టిగా బిగించారు. కాబట్టి ఇటలీ దీపం కొత్తది కొట్లో 7 రూపాయలకు దొరకదు. వస్తే ఎవరో వాడి అమ్మిందే రావాలి. మూర్ మార్కెట్ అలాంటి వాటికే పేరు. అడిగి చూద్దామంటే ఆ మార్కెట్ 1985 మే 30న కాలిపోయింది. ఆ చోట ఇప్పుడు లోకల్ రైళ్ల స్టేషన్ ఉంది.

ఆ వ్యాపారి మళ్లీ వచ్చాడు. నాయన నా వైపు చూశాడు. చేత్తో ఊదిన మూడు పొరల గాజు అని చెప్పాను, ముక్క చూపించాను. ఆయన కళ్లు మెరిశాయి. ఇటలీ అనడానికి మాత్రం ఆధారం లేదని కూడా చెప్పాను. "ఎందుకు పాపా అంత వివరం? ఇటలీ అంటే కొనేవాళ్లకూ సంతోషమే కదా" అన్నాడు. నాయన ఏమీ అనలేదు. వ్యాపారి ధర 1,500కు దించాడు. నాయన కాసేపు మిద్దె కేసి చూసి, వద్దన్నాడు. ఆయన వెళ్లాక నా మీద కోప్పడతాడనుకున్నాను. "ఆ లెక్కకు సిమెంటు మూటలు కూడా రావులే" అని పనికి పోయాడు. ఈ ఏడాది కూడా మిద్దె మీద తార్పాలినే కప్పాం. ఐప్పసి నెల వానలకు రెండు చోట్ల కారింది.

గ్లోబును మళ్లీ తగిలించే ముందు నాయన లోపలి పాత వైరు మార్చాడు. దాని మీది రబ్బరు ముట్టుకుంటేనే పొడిగా రాలింది. పాత దీపం ఎవరు కొన్నా మొదట చూడాల్సింది అదేనని చెప్పాడు. 60 వాట్ల గుండు బల్బు బదులు 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టాం, ఇప్పుడు గాజు పెద్దగా వేడెక్కదు. స్క్రూలు బిగించే పని అవ్వ నాకే ఇమ్మంది. కొంచెం వదులుగా బిగించాను.

పగిలిన ముక్కను ఒక అగ్గిపెట్టెలో దూదిలో పెట్టి, పైన చీటీ అంటించాను: "తెల్ల గాజు బుడ్డి, మూడు పొరలు, చేత్తో ఊదినది. మూర్ మార్కెట్, 1968, రూ. 7." దేశం అనే చోట ఖాళీ వదిలాను.