కమాండ్ లైన్ నుంచి కొత్త మెయిల్ కనిపెట్టడం

మెయిల్ ప్రోగ్రామ్ తెరవకుండా, టెర్మినల్‌లో మన పని మనం చేసుకుంటూనే కొత్త మెయిల్ వచ్చిందో లేదో తెలుసుకునే పద్ధతులు యునిక్స్ కంప్యూటర్లలో 1970ల నుంచీ ఉన్నాయి. ఇలా కనిపెట్టే ప్రోగ్రామ్ పైకి చిన్నదే. అయితే మెయిల్‌బాక్స్‌లో మార్పును పట్టుకోవాలి, పట్టుకునేటప్పుడు తన వల్ల అందులో ఏ మార్పూ రాకూడదు. ఈ రెండో షరతే అసలు చిక్కు. చాలామంది సొంతంగా రాసుకున్న స్క్రిప్టులు దెబ్బతినేది ఇక్కడే.

వీటిలో పేరు మోసింది బిఫ్. 1980 ప్రాంతంలో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జాన్ ఫోడెరారో దీన్ని రాశారు. అక్కడి వరండాల్లో తిరిగే ఒక కుక్క పేరే దీనికి పెట్టారు. పోస్ట్‌మ్యాన్‌ను చూస్తే అది మొరిగేదని ప్రచారంలో ఉన్న కథను మాత్రం ఆయనే కాదన్నారు. 'బిఫ్ వై' అని కొడితే కబురు అందడం మొదలవుతుంది, 'బిఫ్ ఎన్' అంటే ఆగుతుంది. ఆ కమాండ్ లోపల చేసే పని ఒక్కటే: మన టెర్మినల్‌కు సంబంధించిన పరికర ఫైలులో సొంతదారుకు ఉండే 'ఎగ్జిక్యూట్' అనుమతి బిట్‌ను మార్చడం. టెర్మినల్‌ను ఎవరూ ప్రోగ్రామ్‌లా నడపరు కనుక ఆ బిట్ ఎందుకూ పనికిరాకుండా పడి ఉంది. దాన్నే గుర్తుగా వాడుకున్నారు. ఇంత పొదుపైన ఆలోచన యునిక్స్‌లో కూడా అరుదు.

మిగతా పని కామ్‌శాట్ అనే సర్వీసుది. మెయిల్‌ను అందించే ప్రోగ్రామ్ ఉత్తరాన్ని మెయిల్‌బాక్స్ ఫైలు చివర చేర్చాక, యూడీపీ 512వ పోర్టుకు చిన్న సందేశం పంపుతుంది. అందులో ఉండేది ఎవరికి వచ్చిందన్నదీ, ఫైలులో ఎక్కడ మొదలైందన్నదీ మాత్రమే. కామ్‌శాట్ ఆ వ్యక్తి ఏయే టెర్మినళ్లలో లాగిన్ అయి ఉన్నారో చూసి, బిట్ వెలిగి ఉన్న ప్రతిచోటా ఉత్తరంలోని మొదటి 7 లైన్లో 560 అక్షరాలో చూపిస్తుంది. పదేపదే వెళ్లి చూసే పనే లేదు. కానీ ఎడిటర్‌లో ఏదో రాస్తుండగా తెర మధ్యలో ఎవరి ఉత్తరమో ప్రత్యక్షమవుతుంది. పక్కన నిలబడ్డవాళ్లూ చదివేస్తారు. నేటి వ్యవస్థల్లో ఈ సర్వీసును మామూలుగా ఆపే ఉంచుతారు.

షెల్ దారి వేరు. 'మెయిల్' అనే వేరియబుల్‌లో మెయిల్‌బాక్స్ ఫైలు ఎక్కడుందో చెబితే, 'మెయిల్‌చెక్' వేరియబుల్‌లోని సెకన్ల లెక్క ప్రకారం షెల్ దాన్ని చూసివస్తుంది. పాసిక్స్ ప్రమాణంలో ఆ గడువు 600 సెకన్లు, బాష్‌లో 60. అయితే షెల్ ఈ పని చేసేది కొత్త ప్రాంప్ట్ చూపించబోయే ముందే. రెండు గంటలు నడిచే కమాండ్ ఇచ్చి కూర్చుంటే ఆ రెండు గంటలూ కబురు ఉండదు. స్క్రిప్టుల్లో వాడుకోవడానికైతే మెయిల్‌ఎక్స్ కమాండ్‌కు 'ఇ' ఆప్షన్ ఇస్తే చాలు. అది తెర మీద ఏమీ రాయదు, మెయిల్ ఉంటే విజయవంతమైనట్టు ఫలితపు సంఖ్య మాత్రం ఇస్తుంది.

'కొత్త' మెయిల్ అని ఎలా తేల్చాలి? పాత ఎంబాక్స్ పద్ధతిలో ఉత్తరాలన్నీ ఒకే ఫైలులో వరసగా ఉంటాయి. ఫైలును చివరిసారి మార్చిన సమయం, చివరిసారి చదివిన సమయం కన్నా తర్వాతిదైతే అందులో చూడనిది ఏదో ఉందని అర్థం. చూడ్డానికి చక్కగా ఉన్న ఈ సూత్రం సులువుగా బోల్తా పడుతుంది. బ్యాకప్ ప్రోగ్రామ్ ఒకటి ఆ ఫైలును చదివితే చాలు, రాత్రి వచ్చిన ఉత్తరం తెల్లారేసరికి పాతదైపోతుంది. డిస్కుకు శ్రమ తగ్గించాలని చదివిన సమయం నమోదునే ఆపేస్తే, ఒకసారి వచ్చిన మెయిల్ ఎప్పటికీ కొత్తదిగానే కనిపిస్తుంది. లినక్స్‌లో 'రెల్‌ఏటైమ్' అనే మధ్యేమార్గం రావడానికి మట్ వంటి మెయిల్ ప్రోగ్రాములు ఇలా దెబ్బతినడం ఒక ముఖ్య కారణం. ఫైలు మారిన తర్వాత మొదటిసారి చదివినప్పుడు ఆ సమయాన్ని తప్పకుండా రాస్తుంది. 2009లో వచ్చిన 2.6.30 కెర్నల్ నుంచి మామూలుగా అమల్లో ఉండేది ఇదే.

క్యూమెయిల్ రచయిత డేనియల్ బెర్న్‌స్టీన్ రూపొందించిన మెయిల్‌డిర్ ఈ తలనొప్పిని మొదలంటా తీసేసింది. ఉత్తరానికో ఫైలు, అవి ఉండడానికి మూడు ఫోల్డర్లు. 'న్యూ' ఫోల్డర్‌లో ఫైలు ఉంటే కొత్త మెయిల్ ఉన్నట్టే, సమయాలతో పని లేదు. 2005 నుంచి లినక్స్ కెర్నల్‌లో ఉన్న ఐనోటిఫైతో ఆ ఫోల్డర్‌ను గమనించమంటే ఫైలు పడిన మరుక్షణం కబురొస్తుంది. సొంత కంప్యూటర్‌లోనే మెయిల్ అందుకునేవారికి ఇంతకన్నా నమ్మకమైన ఏర్పాటు లేదు.

దూరంలో ఉన్న సర్వర్ సంగతికొస్తే ఐమ్యాప్ ప్రోటోకాల్ ఆధారం. 'స్టేటస్' కమాండ్‌తో చదవని ఉత్తరాల సంఖ్య అడగవచ్చు. దాని వల్ల ఏ ఉత్తరం స్థితీ మారదు. విషయం లైను కూడా కావాలంటే ఫోల్డర్‌ను 'ఎగ్జామిన్'తో, అంటే మార్చే హక్కు లేకుండా, తెరవాలి. 'సెలెక్ట్'తో తెరిచి ఉత్తరాన్ని మామూలుగా తెప్పించుకుంటే అది చదివినట్టు గుర్తు పడిపోతుంది. 1997లో వచ్చిన 'ఐడిల్' పొడిగింపుతో సర్వరే స్వయంగా చెబుతుంది. కనెక్షన్ తెరిచి ఉంచితే, కొత్త ఉత్తరం రాగానే మొత్తం సంఖ్యతో ఒక లైను వస్తుంది. అరగంట ఉలుకూ పలుకూ లేకపోతే సర్వర్ తెంపేయవచ్చు కనుక 29 నిమిషాలకోసారైనా ఐడిల్‌ను కొత్తగా మొదలుపెట్టాలని ప్రమాణం చెబుతుంది. ఐడిల్ గమనించేది ఒక్క ఫోల్డర్‌నే. సర్వర్ నుంచి ఉత్తరాలు దింపే, ఎరిక్ రేమండ్ పేరుతో ప్రసిద్ధమైన ఫెచ్‌మెయిల్ ప్రోగ్రామ్‌కు ఐడిల్ తెలుసు, ఉత్తరాలు దింపకుండా ఉన్నాయో లేదో చెప్పే 'సి' ఆప్షన్ కూడా ఉంది. ఇలా ఐమ్యాప్‌తో లాగిన్ అవడానికి జీమెయిల్ సొంత ఖాతాలకు 2022 నుంచి మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు. యాప్ పాస్‌వర్డో, ఓఆథ్ అనుమతో తీసుకోవాలి.

తెలుగులో ఉత్తరాలు అందుకునేవారికి ఇంకో ఇబ్బంది ఉంది. విషయం లైనును గ్రెప్‌తో పట్టుకుంటే తెలుగు కనిపించదు. మెయిల్ శీర్షికల్లో ఇంగ్లీషేతర అక్షరాలను ఎక్కువగా బేస్64లోకి మార్చి పంపడమే కారణం. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ యూటీఎఫ్-8లో మూడు బైట్లు పడతాయి. మూడు బైట్లు బేస్64లో సరిగ్గా నాలుగు అక్షరాలవుతాయి. కాబట్టి తెలుగుతో మొదలైన విషయం లైనులో మొదటి మాట నిండా 4 అంకె, ఇంగ్లీషు ఎల్ అక్షరం జంటగా పదేపదే కనిపిస్తాయి. ఇలాంటి ఒక్కో ముక్క 75 అక్షరాలు దాటకూడదని నియమం కాబట్టి ఒక ముక్కలో పదిహేను యూనికోడ్ గుర్తులకు మించి పట్టవు, కాస్త పొడవైన విషయం రెండు మూడు లైన్లకు పాకుతుంది. పైథాన్‌లోని ఈమెయిల్ లైబ్రరీ వీటిని కలిపి విప్పుతుంది. విప్పిన తర్వాత కూడా చాలా టెర్మినళ్లలో ఒత్తులు, గుణింతాలు సమాన వెడల్పు గళ్లలో ఇమడక చెదిరిపోతాయి. అందుకని విప్పిన లైనును టెర్మినల్‌లో రాయించకుండా నోటిఫై-సెండ్ కమాండ్‌కు అప్పగించడం మేలు. అది డెస్క్‌టాప్ మూలన చూపించే పెట్టెలో తెలుగు సరిగ్గా కూర్చబడుతుంది.